భాష చచ్చిపోయిందని ఎప్పుడంటాం?

ఫిబ్రవరి 21 మాతృభాషా దినం, ఆగస్టు 29 తెలుగు భాషా దినం దగ్గరపడితే చాలు, ఫోన్లలో ఒక మెసేజీ తిరగడం మొదలవుతుంది. తెలుగును యునెస్కో అంతరించే భాషల పట్టీలో చేర్చిందని, ఇంకో తరం దాటితే తెలుగు మాట్లాడేవాళ్లే ఉండరని దాని సారాంశం. యునెస్కో అచ్చేసిన ప్రమాదంలో ఉన్న భాషల అట్లాసు 2010 నాటి కూర్పులో మన దేశం నుంచి 197 భాషలున్నాయి. వాటిలో తెలుగు లేదు. 2011 జనగణనలో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్లు 8 కోట్ల 11 లక్షల మంది. 2001లో వాళ్లు 7 కోట్ల 40 లక్షలు. సంఖ్య పెరిగింది. దేశ జనాభాలో వాటా మాత్రం 7.19 శాతం నుంచి 6.70 శాతానికి దిగింది, మూడో స్థానంలోకి మరాఠీ వచ్చి తెలుగు నాలుగుకు జరిగింది. ఇది ఆలోచించాల్సిన విషయమే అయినా చావు కబురు మాత్రం కాదు.

అదే సమయంలో దేవరకొండ, చందంపేట తండాల్లో, ఎరుకల వాడల్లో, అమ్రాబాద్ అడవుల్లో చెంచులుండే పెంటల్లో అసలైన భాషా మార్పిడి జరుగుతోంది, కొన్నిచోట్ల జరిగిపోయింది కూడా. దాని గురించి ఏ మెసేజీ రాదు. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లోనే ఈ వ్యవహారం అన్ని దశల్లోనూ కనిపిస్తుంది కాబట్టి ఇక్కడి నుంచే చూద్దాం.

కొలత చెవికి, నోటికి మధ్య

భాష ప్రమాదంలో ఉందో లేదో చెప్పడానికి పండితులు మొదట చూసేది మాట్లాడేవాళ్ల సంఖ్యను కాదు, తల్లి బిడ్డతో ఏ భాషలో మాట్లాడుతోందన్నదాన్ని. యునెస్కో మెట్లన్నీ దాని చుట్టూ అల్లినవే. పిల్లలందరూ అన్నిచోట్లా మాట్లాడుతుంటే భాష సురక్షితం. పిల్లలు మాట్లాడుతున్నా అది ఇంటి గడప లోపలికే పరిమితమైతే బలహీనం. ఇంట్లో పిల్లలకు మాతృభాషగా రావడం ఆగిపోతే ప్రమాదం. తాతలు, అమ్మమ్మలు మాట్లాడుతుంటే నడివయసువాళ్లు అర్థం చేసుకుంటారు గానీ తమ పిల్లలతో ఆ భాషలో మాట్లాడకపోతే తీవ్ర ప్రమాదం. ముసలివాళ్లు కూడా ఎప్పుడో ఒకసారి, సగం సగం మాట్లాడే స్థితి చివరి మెట్టు. ఆ తర్వాత మిగిలేది రికార్డింగులే.

దీన్ని ఒక తండాలో చూడొచ్చు. మంచంలో ఉన్న నాయనమ్మ "పాణి" అంటుంది. తొమ్మిదేళ్ల మనవడు చెంబు తెచ్చి "ఇగో, నీళ్లు తాగు" అంటాడు. వాడికి లంబాడీ వచ్చినట్టా, రానట్టా? చెవికి వచ్చింది, నోటికి రాలేదు. ఇలా వినికిడి దాకా మిగిలిన భాష వాడి పిల్లల దగ్గరికి పోదు, ఎందుకంటే పిల్లలకు అందేది నోటి భాషే. భాష తెగే చోటు ఇదే. బయటినుంచి చూసేవాళ్లకు ఆ ఇల్లు లంబాడీ ఇల్లుగానే కనిపిస్తుంది.

మృతభాష, అంతరించిన భాష అనే రెండు మాటల్ని కలిపేస్తుంటారు. లాటిన్ ఇప్పుడు ఎవరి ఇంటి భాషా కాదు, కానీ దాన్ని ఎవరూ వదిలేయలేదు. అది మారుతూ మారుతూ ఇటాలియన్, ఫ్రెంచి, స్పానిష్ అయింది. పాత తెలుగు కూడా అలా మారి మన తెలుగు అయింది. అంతరించడం వేరు. అక్కడ భాష మారదు, మనుషులే భాష మారతారు. మనుషులు బతికే ఉంటారు, వేరే భాషలో.

వెయ్యి మంది లెక్క

సంఖ్య ఎందుకు మోసం చేస్తుందో ఒక ఊహా తండాతో లెక్క కట్టి చూద్దాం. జనాభా 1,000. అరవై దాటినవాళ్లు 200 మంది, అందరికీ భాష వచ్చు. పాతిక నుంచి అరవై మధ్యవాళ్లు 450, వాళ్లకూ వచ్చు. పాతిక లోపువాళ్లు 350, అందులో ధారాళంగా మాట్లాడేది 70 మందే. మొత్తం మాట్లాడేవాళ్లు 720. అంటే 72 శాతం. సర్వే చేసినవాడు "భాష బాగానే ఉంది" అని రాసుకొని పోతాడు.

ముప్పై అయిదేళ్లు గడిచాయనుకోండి. ఇప్పటి నడివయసువాళ్లు ముసలివాళ్లవుతారు, ఆ 200 మందికి భాష ఉంటుంది. ఇప్పటి కుర్రకారు నడివయసుకు వస్తారు, అక్కడ అయిదింట ఒకరికే భాష, అంటే 450లో 90. వాళ్లలో ప్రతి ఒక్కరూ పట్టుబట్టి పిల్లలకు నేర్పినా కొత్త తరంలో వచ్చేది 350లో 70. మొత్తం 360. ఇంకో ముప్పై అయిదేళ్లకు పైతరం కూడా అయిదింట ఒకటయ్యి 200కు దిగుతుంది. 72 శాతం, 36 శాతం, 20 శాతం. ఇదంతా ఎవరూ కొత్తగా మానేయకుండా ఉంటేనే. నిజంలో ఆ అయిదో మనిషికి జోడీగా భాష రానివాళ్లే ఎక్కువగా దొరుకుతారు, ఇంట్లో ఇద్దరికీ వచ్చిన తెలుగే నడుస్తుంది. అందుకని 20 దగ్గర కూడా ఆగదు.

దీని పక్కన 250 మందే ఉన్న ఒక గుంపును పెట్టండి. అందరూ పిల్లలతో తమ భాషే మాట్లాడతారు. డెబ్భై ఏళ్ల తర్వాత కూడా వాళ్లు 250 మందే. పెద్ద తండాలోని 200 కన్నా ఎక్కువ. అందుకే "లక్షల మంది మాట్లాడతారు, దానికేం కాదు" అనే ధీమాకు లెక్కలో చోటు లేదు. ప్రపంచంలో ఇప్పుడున్న సుమారు 7,000 భాషల్లో చాలావాటికి పది వేల మంది కూడా లేరు. శతాబ్దాలుగా అవి బతికింది ఇలాగే.

చంపేవి ఏవి?

కొన్ని భాషలు ఒక్కసారిగా పోయాయి. 1815లో ఇండోనేషియాలో టాంబోరా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు దాని వాలున ఉన్నవాళ్లతోపాటు వాళ్ల భాషా పోయింది. 1932లో ఎల్ సాల్వడార్‌లో సైన్యం మూలవాసుల్ని వేలల్లో చంపింది. మిగిలినవాళ్లు నోరు తెరిస్తే పట్టుబడతామన్న భయంతో తమ భాషలు మాట్లాడటం మానేశారు. ఇవి అరుదు. ఎక్కువ భాషలు పోయేది మెల్లగా, రోజువారీ లెక్కలతో.

ఆ లెక్కలు ఇక్కడ ఎలా ఉంటాయంటే: తండాలో అయిదో తరగతి రాగానే పిల్లను గురుకులంలో చేర్పిస్తారు. చదువు దొరుకుతుంది, తిండి దొరుకుతుంది, ఏ తల్లికైనా అది మంచి నిర్ణయమే. పిల్ల పది, పదకొండేళ్ల నుంచి పదిహేడు దాకా హాస్టల్లో ఉంటుంది. ఇంటి భాష పెద్దల భాషగా ఎదిగే వయసు అదే. సామెత, ఎత్తిపొడుపు, బేరం, పెళ్లి మాటలు, చావు మాటలు వచ్చేది అప్పుడే. సెలవులకు వచ్చిన పిల్ల భాషకు పదేళ్ల వయసే ఉంటుంది. దానితో పెద్ద విషయాలు మాట్లాడలేక తెలుగులోకి దిగుతుంది, పెద్దవాళ్లు కూడా దిగుతారు. తప్పెవరిదీ కాదు.

పాలమూరు వలస రెండో దెబ్బ. మేస్త్రీతో, అడ్డా మీద, కంపెనీలో తెలుగో హిందీయో కావాలి. హైదరాబాద్ అద్దెగదిలో పుట్టిన బిడ్డకు చుట్టూ తండా లేదు, అమ్మానాన్నలే ఉన్నారు. రెండు నోళ్లు ఒక భాషను నిలబెట్టాలంటే కష్టం. నాయనమ్మ, మేనత్తలు, ఈడు పిల్లలు, గొడవపడే పక్కింటివాళ్లు, ఇంతమంది కలిస్తేనే బిడ్డకు భాష పూర్తిగా అందుతుంది.

మూడోది చెప్పుకోడానికి ఇష్టపడనిది: చిన్నచూపు. ఎరుకల వాళ్ల కుర్రు భాష తమిళానికి దగ్గరి కుదురుది, గంపలల్లుతూ, సోది చెబుతూ తెలుగు ఊళ్ల మధ్య తిరుగుతూ దాన్ని తరాలుగా కాపాడుకున్నారు. మద్రాసు రాష్ట్రంలో నేరస్థ తెగల చట్టం వాళ్ల మీద ముద్ర వేసింది. 1871లో మొదలైన ఆ చట్టం స్వతంత్రం వచ్చాక, 1952లో గానీ దేశమంతటా పోలేదు. చట్టం పోయినా చూపు అంత తొందరగా పోదు. బస్సులో గొంతు పెంచి మాట్లాడితే పక్కవాళ్లు సంచులు దగ్గరికి లాక్కునే భాషను తల్లి బిడ్డకు ఎందుకు నేర్పుతుంది? అదే ముద్ర ఇంకో పనీ చేసింది. బయటివాళ్లకు అర్థం కాకుండా తమలో తాము మాట్లాడుకునే అవసరం ఉన్నంతకాలం భాష నిలిచింది. ఒకే గాయం ఒక చోట భాషను దాచిపెడుతుంది, ఒక చోట మానిపిస్తుంది. అందుకే "అణచివేత వల్ల భాషలు పోతాయి" అని ఒక్క ముక్కలో తేల్చడం నాకు కుదరదనిపిస్తుంది.

చాలామంది అనుకునే ఒక కారణం మాత్రం కారణమే కాదు. రెండు భాషలు రావడం వల్ల సొంత భాష చావదు. నారాయణపేట, మక్తల్, కృష్ణా మండలం వైపు ఇళ్లలో కన్నడం, అంగట్లో తెలుగు, ఉర్దూ తరాలుగా సాగుతున్నాయి. ఒక్కో భాషకు ఒక్కో చోటుంది. చేటు వచ్చేది ఒక భాష చోటును ఇంకోటి తీసేసుకున్నప్పుడు, ముఖ్యంగా వంటింటిని. "పిల్లలకు ఇంగ్లీషు రావాలంటే ఇంట్లో లంబాడీ మానేయాలి" అనే సలహా ఇక్కడే తప్పుతుంది.

తెలుగు విషయంలోనూ ఈ తేడానే గమనించాలి. తెలంగాణ 2018 చట్టం ఒకటి నుంచి పదో తరగతి దాకా అన్ని బడుల్లో తెలుగు బోధన తప్పనిసరి చేసింది. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలైంది. మొదటిది తెలుగును కాపాడుతుందని, రెండోది చంపుతుందని రెండు పక్షాలు వాదించాయి. బడిలో చోటు తగ్గితే తెలుగులో రాయగలిగేవాళ్లు తగ్గుతారు, శాస్త్రం, చట్టం, లెక్కలు తెలుగులో చెప్పే శక్తి సన్నగిల్లుతుంది. అది నిజమైన నష్టం. కానీ బడి గేటు దాటగానే ఆ పిల్లలు కొట్టుకునేదీ, తిట్టుకునేదీ తెలుగులోనే అయినంతకాలం భాష మొదటి మెట్టు మీదే ఉంది. అది జారడం ఎప్పుడు మొదలవుతుందంటే, తెలుగు తల్లి తెలుగు బిడ్డను "షూస్ వేసుకో" దగ్గర ఆగకుండా "వేర్ యువర్ షూస్" అన్నప్పుడు. నగరాల్లో కొన్ని ఇళ్లలో అది వినిపిస్తోంది. నల్లగొండ గడియారం సెంటరు దగ్గర ఇంకా వినిపించడం లేదు.

చెంచులది ముందే మారిపోయిన కథ

1940 ప్రాంతంలో హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల మధ్య ఉండి వాళ్ల జీవితాన్ని నమోదు చేశాడు. 1943లో అది పుస్తకంగా వచ్చింది. అప్పటికే వాళ్లు మాట్లాడుతున్నది తెలుగు. ఇప్పుడు కూడా చెంచు మాటను భాషావేత్తలు తెలుగులో ఒక యాసగానే లెక్కిస్తారు. వేట, సేకరణ మీద బతికే, పొలం తెలుగువాళ్లకు దూరంగా ఉండే జనానికి ఎప్పుడో ఒక సొంత భాష ఉండి ఉండొచ్చన్నది ఊహ. ఉంటే, దాని ఒక్క వాక్యం కూడా మిగల్లేదు. చివరిగా మాట్లాడిన మనిషి ఎవరో, ఏ పెంటలో పోయాడో రాసిపెట్టినవాడు లేడు.

పెంట అన్న మాటే చూడండి. ఊళ్లో పెంట అంటే పేడ, చెత్త వేసే దిబ్బ. అప్పాపూర్ పెంట అన్నప్పుడు అది చెంచుల నివాసం. ఒకే మాటకు ఊళ్లో ఒక విలువ, అడవిలో ఇంకో విలువ.

చెంచుల కథ ఒక తేలిక నమ్మకాన్ని కూడా దెబ్బతీస్తుంది: భాషతోపాటు తెలివి అంతా పోతుందన్నదాన్ని. కొండ తేనెకు తాడు కట్టుకొని లోయలోకి దిగడం, పుట్ట తేనెకూ జుంటి తేనెకూ తేడా, మొర్రి, తునికి, ఇప్ప ఎప్పుడు కాస్తాయో, బురదనీళ్లు తేరడానికి చిల్లగింజ ఎలా అరగదీయాలో, ఇవన్నీ వాళ్లకు తెలుగులోనే తెలుసు. భాష మారినా పని సాగినంతకాలం ఎరుక కొత్త భాషలోకి దాటింది. మరోవైపు, అడవికి పోవడం తగ్గిన పెంటల్లో భాష అదే తెలుగైనా గడ్డల పేర్లు పిల్లలకు తెలియడం లేదు. కాబట్టి ఎరుకను మోసేది రెండు కాళ్లు, ఒకటి భాష, ఒకటి బతుకుతెరువు. ఏ కాలు విరిగినా కుంటుతుంది.

అయినా దాటేటప్పుడు ఎంత రాలిపోతుందో కొలిచే ప్రయత్నాలున్నాయి. ఉత్తర అమెరికా, వాయవ్య అమెజాన్, న్యూగినీ ప్రాంతాల్లో 236 భాషల్లో నమోదైన 12 వేలకు పైగా మూలికా వాడకాలను 2021లో ఇద్దరు పరిశోధకులు పోల్చి చూశారు. వాటిలో నాలుగింట మూడొంతులకు పైగా ఒకే ఒక్క భాషవాళ్లకు తెలిసినవి. పక్కనే, అదే అడవిలో ఉండే ఇంకో భాషవాళ్లకు ఆ మొక్క తెలిసినా ఆ వాడకం తెలియదు. అంటే సరిహద్దు అడవిది కాదు, మాటది.

పోయేవి ఏవేవి?

పదాలు పోతాయని అందరూ అంటారు. పదం అరువు తెచ్చుకోవచ్చు. తిరిగి తేలేనిది వ్యాకరణం, అంటే లోకాన్ని విడదీసే పద్ధతి. తెలుగులో "మనం పోదాం" అంటే వినేవాడూ వస్తాడు, "మేం పోతం" అంటే వాడు ఇంట్లో ఉంటాడు. ఇంగ్లీషులో, హిందీలో ఈ రెంటికీ ఒకటే మాట. "వానొచ్చింది" అంటే నేను చూశాను, "వానొచ్చిందట" అంటే ఎవరో చెప్పారు. ఆ ఒక్క "అట" పెట్టడానికి ఇంగ్లీషువాడు ఒక వాక్యం రాయాలి. మనకు "అట" పెట్టాలా వద్దా అన్నది ఇష్టం. అమెజాన్ అడవుల్లోని తుయూకా భాషలో అది ఇష్టం కాదు. చెప్పేది కంటితో చూశావా, శబ్దం విన్నావా, ఆనవాళ్లు చూసి అనుకున్నావా, వేరేవాళ్లు చెప్పారా, ఊహిస్తున్నావా అని అయిదు రకాలుగా క్రియకు తోక తగిలించకుండా మాట పూర్తి కాదు. ఇలాంటివి మనిషి బుర్ర చేయగలదని ఆ భాష చూశాకే తెలిసింది. చూడకముందే పోయిన భాషల్లో ఏమున్నాయో ఎవరం ఊహించలేం.

అండమాన్‌లో బో భాష మాట్లాడిన ఆఖరి మనిషి బోవా సీనియర్ 2010 జనవరి 26న చనిపోయింది. ఆమె దగ్గర, తక్కిన గ్రేట్ అండమానీస్ పెద్దల దగ్గర భాషావేత్త అన్వితా అబ్బి చేసిన పని వల్ల ఒక సంగతి బయటపడింది. ఆ భాషా కుటుంబంలో నామవాచకం, క్రియ అన్నీ శరీర భాగాల లెక్కన వర్గాలై ఉంటాయి. నోటికి చెందినది, వీపుకు చెందినది, లోపలికి చెందినది అని ముందు చిన్న అక్షరం చేరుతుంది. ఇంకో ఇరవై ఏళ్లు ఆలస్యమైతే ఈ వాక్యం రాయడానికి కూడా ఆధారం ఉండేది కాదు. టర్కీలో ఉబిఖ్ భాష 1992లో తెవ్ఫిక్ ఎసెంచ్ అనే పెద్దాయనతో పోయింది. ఎనభైకి పైగా హల్లులు, రెండే అచ్చులు. అది రికార్డయి ఉండకపోతే అలాంటి భాష ఉండటం అసాధ్యమని పాఠ్యపుస్తకాలు రాసేవి.

మన దగ్గరికి వస్తే, లంబాడీలో నాకు అన్నిటికన్నా పెళుసుగా కనిపించేది ఢావ్లో. పెళ్లిలో అత్తారింటికి పోయే పిల్ల ఒక్కొక్కరి మెడ పట్టుకొని ఏడుస్తూ పాడే పాట. యాడిని, అంటే తల్లిని, పట్టుకుంటే ఒక మాట, అన్నను పట్టుకుంటే ఒక మాట, చిన్ననాటి నేస్తానికి ఇంకోటి. వరస తెలిసి ఉంటుంది, మాటలు అప్పటికప్పుడు కట్టాలి. బట్టీపట్టి చెప్పే పాటైతే భాష పోయినా వీడియో చూసి నేర్చుకోవచ్చు. తీజ్ పండుగకు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచడం, పేటియా (లంగా), కాంచళి (రవిక) కట్టుకొని ఆడటం భాష లేకుండా కూడా నడుస్తాయి, నడుస్తున్నాయి. ఢావ్లో నడవదు. చెవికి మాత్రమే భాష వచ్చిన పిల్ల ఏడవగలదు, ఏడుస్తూ మాట కట్టలేదు.

మాట చావడం, భాష చావడం

తెలుగు గురించి బాధపడేవాళ్లు ఎక్కువసార్లు చూపేది పోయిన మాటల్ని. మోట పోయింది, దాంతో మోకు, తొండం, గిరక పోయాయి. బోరు వచ్చాక చర్లపల్లి పిల్లవాడికి బావి గట్టు మీద ఎద్దులు వెనక్కి నడవడం ఎందుకో తెలియదు. నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి అనే కొలత పోయింది. పుట్టి ఇప్పుడు వడ్ల కల్లంలో లేదు, "పుట్టెడు దుఃఖం"లో ఉంది. ఇది భాష చావు కిందికి రాదు. పనిముట్టు పోతే పేరు పోతుంది, కొత్త పనిముట్టుకు కొత్త పేరు వస్తుంది. బోరు, మోటరు, స్టార్టర్, ఫీజు కొట్టేయడం, ఇవన్నీ ఇప్పటి తెలుగే.

అయినా మాటల్ని ఎత్తి పెట్టడం దండగ కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో జిల్లాలు తిరిగి సేకరించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయం, 1962లో వచ్చింది. చేనేత సంపుటం 1971లో. మోట నడుస్తున్న రోజుల్లోనే రాసుకున్నారు కాబట్టి ఏ జిల్లాలో ఏ భాగాన్ని ఏమన్నారో ఇప్పుడు తెలుస్తోంది. పదేళ్లు ఆగి ఉంటే చాలా జిల్లాల్లో అడగడానికి మోట ఉండేది కాదు.

ఒక్కోసారి పని మారినా మాట గట్టిపడుతుంది. పోచంపల్లి, పుట్టపాక వైపు చిటికి (ఇక్కత్) చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. మధ్య మేకు నుంచి అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల దాకా నూలును అటూ ఇటూ చుట్టడం. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9 వేల సార్లు ఆడాలి, భుజాలు పడిపోయేది ఇంటి ఆడవాళ్లకే. చింతకింది మల్లేశం 1999లో దానికి యంత్రం చేశారు, పేరు లక్ష్మి ఆసు యంత్రం. పని యంత్రానికి పోయింది, ఆసు అనే మాట యంత్రం మీదెక్కి కూర్చుంది. కొత్త వస్తువుకు సొంత మాట పెట్టుకునే ధైర్యం ఉన్న భాషకు పాత మాట పోతే అంత నష్టం లేదు.

పోతే పోనీ అనేవాళ్ల మాట

1992లో అమెరికా భాషాశాస్త్ర పత్రిక ఒకదానిలో మైకేల్ క్రౌస్ అనే భాషావేత్త గంట కొట్టాడు: ఇప్పటి భాషల్లో నూటికి 90 దాకా రాబోయే శతాబ్దంలో పోవడమో పోయే దారిలో పడటమో జరగొచ్చని. అదే ఏడాది అదే పత్రికలో పీటర్ లాడెఫొగెడ్ ఎదురు మాట రాశాడు. కెన్యాలో దహాలో భాష మాట్లాడే ఒకాయన తన కొడుకులకు ఆ భాష రాదని, బడికి పోయి స్వాహిలీ మాట్లాడతారని నవ్వుతూ గర్వంగా చెప్పాడట. ఆయన తప్పు చేశాడనడానికి నేనెవరిని అని లాడెఫొగెడ్ ప్రశ్న.

ఈ ప్రశ్నను తోసిపుచ్చడం తేలిక కాదు. తండా తల్లి బిడ్డను తెలుగులో, ఇంగ్లీషులో పెంచాలనుకుంటే ఆమెకు సంస్కృతి గురించి ఉపన్యాసం చెప్పే హక్కు పట్నంలో పిల్లల్ని ఇంటర్నేషనల్ స్కూలుకు పంపేవాళ్లకు లేదు. దీనికి జవాబిచ్చేవాళ్లు ఎంపిక అన్న మాటను పట్టుకుంటారు. రెండూ ఉంచుకోవచ్చని తెలిసి, రెండూ దొరికే చోట ఒకటి వదిలితే అది ఎంపిక. ఒకటి వదిలితేనే ఇంకోటి వస్తుందని నమ్మించాక వదిలితే అది బేరం, అదీ నష్టపు బేరం. నేను ఈ రెండోవైపే మొగ్గుతాను గానీ దహాలో నాన్న నవ్వును మర్చిపోలేను.

అంకెల మీద కూడా గొడవ ఉంది. రెండు వారాలకో భాష చచ్చిపోతోందన్న మాట పేపర్లలో తరచూ వస్తుంది. ప్రమాదంలో ఉన్న భాషల కాటలాగు చేసినవాళ్లు 2013లో లెక్కలు చూసి సుమారు మూడున్నర నెలలకో భాష అని తేల్చారు. ఏడాదికి 26కూ మూడు నాలుగుకూ చాలా తేడా. నాలుగు కూడా తక్కువేం కాదు.

నిలబెట్టే పనులు, అవి చెడే చోట్లు

మొదటిది రికార్డింగు. ఎక్కువగా చెడేది ఇక్కడే. ఫోను పట్టుకొని "చెట్టును ఏమంటారు, నీళ్లను ఏమంటారు" అని వంద మాటలు అడిగి వస్తారు. ఆ పట్టీ భాష బంధుత్వం చెప్పడానికి పనికొస్తుంది, మాట్లాడటానికి పనికిరాదు. కావలసింది ఇద్దరు మనుషులు మామూలుగా మాట్లాడుకోవడం: బేరం, తిట్టు, కథ, వంట చెప్పడం. గంట రికార్డింగును అక్షరాల్లో రాసి మాట మాటకూ అర్థం కట్టాలంటే పదుల గంటలు పడుతుంది. ఆ పని జరగని రికార్డింగు ఎవరికీ అర్థం కాని శబ్దంగా హార్డ్ డిస్కులో ఉండిపోతుంది.

రెండోది లిపి. లంబాడీకి సొంత లిపి లేదు, మన దగ్గర తెలుగులో, కర్ణాటకలో కన్నడంలో, మహారాష్ట్రలో దేవనాగరిలో రాస్తారు. ఒకే భాష పుస్తకం సరిహద్దు దాటితే చదవలేరు. దేవనాగరిలో ముక్కుతో పలికే అచ్చుకు గుర్తుంది. తెలుగులో సున్న పెడితే మ, న అవుతుంది. బడిలో నేర్పడం మానేసిన అరసున్న ఇక్కడ పనికొచ్చేది.

మూడోది బడి. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో సవర, కోయ, గోండి, కొలామి, బంజారా వంటి 8 గిరిజన భాషల్లో చిన్న తరగతులకు పుస్తకాలు చేశారు. మంచి పని. ఇలాంటి పథకాలు చెడే తీరు ఒకటే, పుస్తకం వస్తుంది, ఆ భాష వచ్చిన పంతులు బదిలీ మీద వెళ్లిపోతాడు, కొత్తాయన పుస్తకాన్ని బీరువాలో పెడతాడు. కేంద్రం 2013లో మైసూరు భాషా సంస్థ ద్వారా మొదలుపెట్టిన రక్షణ పథకం పది వేల లోపు మంది మాట్లాడే భాషలకు. లంబాడీకి దేశం మొత్తం మీద లక్షల మంది ఉన్నారు కాబట్టి అందులోకి రాదు. రాజ్యాంగం గుర్తించిన భాషల పట్టీ అయిన ఎనిమిదో షెడ్యూలులో లేదు కాబట్టి ఆ గుర్తింపూ లేదు.

గెలిచిన ఉదాహరణల్లో ఉమ్మడి లక్షణం ఒకటుంది, ముసలివాళ్లను పసిపిల్లల పక్కన కూర్చోబెట్టారు. న్యూజీలాండ్‌లో మావోరీలు 1982లో మొదలుపెట్టిన కోహంగా రియో బాలవాడీల్లో అవ్వలే పంతులమ్మలు, మధ్యతరానికి రాకపోయినా పర్వాలేదు, దాన్ని దాటేశారు. ఐల్ ఆఫ్ మన్ దీవిలో మాంక్స్ భాష పుట్టుకతో మాట్లాడిన ఆఖరి మనిషి నెడ్ మాడ్రెల్ 1974లో పోయాడు. నేర్చుకున్నవాళ్లు బడి పెట్టారు. 2009లో యునెస్కో ఆ భాష అంతరించిందని రాస్తే, ఆ బడి పిల్లలు మాంక్స్‌లోనే ఉత్తరాలు రాసి, మరి ఇది ఏ భాషని అడిగారు. యునెస్కో పట్టీ మార్చుకుంది.

జనగణన కాగితంలో ఒక గడి

2011 తర్వాత ఆగిన జనగణన మళ్లీ వస్తోంది, లెక్క తేదీ 2027 మార్చి 1. భాష గురించి మనకున్న పెద్ద అంకెలన్నీ అక్కడివే కాబట్టి అవి ఎలా తయారవుతాయో తెలిసి ఉండటం మంచిది. 2011లో జనం చెప్పిన మాతృభాషల పేర్లు 19,569. వాటిని సర్ది 1,369గా చేశారు, మళ్లీ కలిపి 121 భాషలుగా చూపారు. ఆ కలపడంలో లంబాడీ మాట్లాడే 32 లక్షలకు పైగా జనం హిందీ కింద చేరారు. హిందీకి చెప్పుకునే 52.8 కోట్లలో వాళ్లున్నారు. ఎరుకల భాష తమిళం కింద చేరింది. ఇంట్లో కుర్రు మాట్లాడే మిర్యాలగూడ మనిషి పెద్ద పట్టికలో తమిళుడిగా కనిపిస్తాడు.

ఇంకో చిక్కు గడిలోనే ఉంది. జనగణన నిర్వచనం ప్రకారం మాతృభాష అంటే చిన్నప్పుడు తల్లి ఆ మనిషితో మాట్లాడిన భాష. తల్లి పసితనంలోనే పోతే, ఆ ఇంట్లో ఎక్కువగా నడిచిన భాష. చెంబు తెచ్చిన ఆ తొమ్మిదేళ్ల పిల్లవాడి దగ్గరికి రండి. వాళ్లమ్మ వాడితో మాట్లాడేది తెలుగు. నిర్వచనం ప్రకారం తెలుగు రాయాలి. ఎన్యూమరేటర్ వచ్చినప్పుడు గడప దగ్గర కూర్చున్న నాన్న మాత్రం "మేం లంబాడోళ్లం సారూ, లంబాడీ రాయి" అంటాడు. అందులో ఆయనకు తన జాతి మీద ఉన్న అభిమానం ఉంది, దాన్ని తప్పనలేం. అలాంటి ఇళ్లు ఎక్కువైతే 2027 పట్టికలో లంబాడీ పెరిగినట్టు కనిపిస్తుంది. ఇంటి లోపల నాయనమ్మ "పాణి" అని మళ్లీ పిలుస్తూ ఉంటుంది.